బాలప్ప కారుకు కింద గేరు

కారు కదలక నెలలు దాటినా పొద్దున్నే లేచి దాన్ని తుడవడం మాత్రం బాలప్ప మానలేదు. కుడిచేత్తో గుడ్డ పట్టుకుని, ఎడమచెయ్యి పొట్టకు ఆనించుకుని, ముందరి అద్దం నుంచి వెనక దీపాల దాకా తుడిచేవాడు. తుడిచాక తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. ఎదురుగా గడ్డివామి తప్ప ఏమీ లేకపోయినా, రోడ్డు చూస్తున్నట్టే చూసేవాడు. ఆ తర్వాత దిగి వేపచెట్టు కింద మంచం మీద వాలితే, సంగటికి పిలిచినా రెండోసారికి గానీ పలికేవాడు కాదు.

పేడగంప ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతూ అతని పెళ్లాం నల్లమ్మ ఇదంతా చూసేది. మామూలుగా ఆమె మొగుడు నోరు మూసుకుని ఉండే మనిషి కాదు. కారు ఎక్కినవాళ్లు దిగేలోపల వాళ్ల ఊరు, పంట, వియ్యంకుల తగువులు అన్నీ లాగేవాడు. అలాంటి వాడికి మాట పడిపోయినట్టయింది.

రాప్తాడు చుట్టుపక్కల అప్పట్లో బాడుగ కారంటే బాలప్పదే. అనంతపురంలో ఒక వకీలు అమ్ముకుంటే కొన్న పాత అమెరికా కారు. నీలం రంగు, ఏనుగు వీపులాంటి పైకప్పు. కాన్పు కష్టమైన ఆడవాళ్లనూ, పెళ్లికొడుకులనూ, కోర్టు వాయిదాలకు పోయే పెద్ద రైతులనూ మోసిన బండి. బాలప్ప గేరు మారిస్తే లోపల కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. వాడి కారులో నిండు చెంబు ఒళ్లో పెట్టుకుని పోవచ్చు, చుక్క ఒలకదు అనేవాళ్లు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. ఊరి బావి అడుగంటితే అందరూ కలిసి లోతు తీయడానికి దిగారు. బాలప్ప కూడా దిగాడు. గట్టు మీదివాళ్లు మట్టిగంప పైకి లాగుతుంటే మోకు తెగి, గంప వచ్చి అతని ఎడమ భుజం మీద పడింది. కట్లు కట్టే ఆయన ఆకుపసరు పోసి, వెదురు దబ్బలు పెట్టి కట్టాడు. ఎముక అతుక్కుంది. చెయ్యి మాత్రం పక్కటెముకలు దాటి పైకి లేవనంది.

కాలో, కుడిచెయ్యో అయితే ఇంకోలా ఉండేదేమో. ఆ కారులో గేరు రాడ్డు కింద ఉండదు. స్టీరింగు చక్రానికి కొంచెం కిందుగా, ఎడమ పక్కకు, మనిషి గుండె ఎత్తున అడ్డంగా ఉంటుంది. ఎడమచేత్తో దాన్ని ఎత్తి తోయాలి, దించి లాగాలి. కట్టు విప్పగానే బాలప్ప ఆగలేక బండి తీశాడు. ఎడమచెయ్యి అందకపోతే స్టీరింగు వదిలేసి, ఒళ్లంతా మెలితిప్పి కుడిచేత్తో రాడ్డు పట్టుకున్నాడు. కారు రోడ్డు దిగి బీడు చేలోకి పోయి ఆగింది. ఇంకో డ్రైవరును పెట్టి చూశారు. అతను గేరు మార్చినప్పుడల్లా పక్కన కూర్చున్న బాలప్ప తన పన్నే పీకుతున్నట్టు మూలిగేవాడు. "నీ బండీ వద్దు, నీ మూలుగూ వద్దు" అని ఆ డ్రైవరు తాళం చేతిలో పెట్టి పోయాడు. అప్పటినుంచి కారు గడ్డివామి పక్కనే.

ఒకనాడు సంతకు పోయొస్తానని చెప్పి నల్లమ్మ అనంతపురం బయల్దేరింది. సంతకు పోలేదు. లారీలు ఆగే చోట యేసన్న షెడ్డు ఉంటే నేరుగా అక్కడికి పోయింది. యేసన్న మెకానిక్కు. బాలప్పతో కలిసి చిన్నప్పుడు బస్సుల కింద దూరి పని నేర్చుకున్నవాడు. ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకున్నప్పుడు తప్ప అతని అసలు రంగు ఎవరికీ తెలిసేది కాదు, అంత గ్రీజు.

ఆమె చెప్పిందంతా విని, "అమ్మేయమను నల్లమ్మా. మంచి గిరాకీని నేనే పిల్చకొస్తా" అన్నాడు.

"బండి అమ్మితే మంచం మీద పండుకున్న మనిషి మళ్లా లేయడు యేసన్నా."

"అయితే నన్నేం చేయమంటావు? భుజం బాగుచేసేదానికి నేను డాక్టర్నా?"

నల్లమ్మ షెడ్డులోకి తల తిప్పి చూసింది. ఎదురుగా ఒక లారీ తలుపు తీసి ఉంది. లోపల గేరు రాడ్డు నేలలోంచి మొలిచినట్టు నిలబడి ఉంది. ఆమె చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని లారీ ఎక్కింది. డ్రైవరు సీట్లో కూర్చుని, ఎడమ మోచేతిని పక్కటెముకలకు గట్టిగా అదిమిపెట్టి, ముంజెయ్యి మాత్రం చాపింది. రాడ్డు తల అరచేతిలోకి వచ్చింది.

"ఏం చేస్తాండావమ్మా ఆడ?" అని యేసన్న అరిచాడు.

"ఆయన చెయ్యి ఇంతవరకు వస్తాది. దీన్ని పట్టుకునేదానికి చాలు గదా? మా కారుకు ఇట్ల పెట్టు."

యేసన్న నవ్వాడు. "ఒకటి పీకి ఇంకోటి గుచ్చేదానికి అదేమన్నా పారకు బిగించే కామ కట్టెనా? మీ గేరు బాక్సుకు పక్కన చెవులుండాయి. పైనుంచి రాడ్డు దిగేదానికి నోరు లేదు. నోరుండే బాక్సు కావల్ల" అన్నాడు. అంటూనే ఆగి, చేతిలో పానాతో వీపు గోక్కున్నాడు. "రెండో యుద్ధానికి ముందర అదే కంపెనీ కార్లకు కింద గేరే ఉండె. గార్లదిన్నె తట్టు యశోదమ్మ గారి తోటలో అట్లాంటిదొకటి ఉండాది. దాని ఇంజన్ను నీళ్ల పంపుకు బిగించింది నేనే. ఇప్పుడు ఆ బావే ఎండిపాయె."

"ఆయమ్మ ఇస్తాదా?"

"ఆయమ్మ సంగతి తర్వాత. ముందు నీ మొగుడు ఒప్పుకుంటాడా, అది చెప్పు."

యేసన్న భయపడిందే నిజమైంది. ఇంటికొచ్చి సంగతి చెప్పగానే బాలప్ప మంచం మీద లేచి కూర్చున్నాడు.

"లారీ రాడ్డు తెచ్చి నా కారుకు పెడతాడా వాడు? దాని కడుపు కోసి?"

"కోసేది నీ కడుపు కాదు గదయ్యా."

"నాదే అనుకో. ముందర సీట్లో ముగ్గురు కూచుంటారు. నడుమ గూటం మాదిరి అది నిలబడితే ఎవురు కూచుంటారు?"

"ఇప్పుడు ముగ్గురు కూచోని యాడికి పోతాండారు? కోళ్లు కూచుంటాండాయి."

అది అబద్ధం కాదు. ముందురోజే వెనక సీటు సందులో నల్లమ్మకు గుడ్డు దొరికింది. బాలప్ప అటు తిరిగి పడుకున్నాడు. నల్లమ్మ కూడా రెట్టించలేదు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక యేసన్న తెల్లచొక్కాతోనే రాప్తాడు వచ్చాడు. కారు మాట ఎత్తలేదు. నల్లమ్మ పెట్టిన సంగటి, చెనిక్కాయల చట్నీ తిని, చెయ్యి కడుక్కుని, గోడకు ఆనించి ఉన్న పార కామ కర్ర ఒకటి తీసుకుని కారులో ఎడమ పక్కకు ఎక్కాడు. కర్ర ఒక కొస నేలకు ఆనించి, రెండో కొస మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"బాలప్పా, రా. ఒగసారి కూచో."

"ఏంటికి?"

"కూచుంటే నీ బండి అరిగిపోతాదా?"

బాలప్ప వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "కండ్లు మూసుకో. బండి పోతాండాది అనుకో. గేరు మార్చు" అన్నాడు యేసన్న.

బాలప్ప ఎడమచెయ్యి అలవాటు కొద్దీ పైకి లేవబోయి, నొప్పికి ఆగి, మెల్లగా తొడ పక్కకు జారింది. అక్కడ కర్ర తగిలింది. వేళ్లు దాన్ని చుట్టుకున్నాయి. అతను కళ్లు తెరవలేదు. కర్రను ముందుకు తోశాడు, వెనక్కి లాగాడు. భుజం కదలాల్సిన పని పడలేదు. యేసన్న కర్ర కిందికొసను కాలి బొటనవేలితో పట్టి అలాగే ఉంచాడు. కారు బయట నిలబడ్డ నల్లమ్మ కిటికీలోంచి తొంగి చూసింది.

బాలప్ప అన్నాడు: "రవ్వంత నా తట్టుకు జరుపు. ఆ... ఇంగ కొంచెం ఎనక్కి."

ఒప్పుకున్నానని అతను నోటితో చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ముగ్గురూ బస్సెక్కి గార్లదిన్నె పోయి, అక్కణ్ణుంచి యశోదమ్మ తోటకు నడిచారు. యశోదమ్మ పెద్ద భూమి ఉన్న ఇంటి ముసలామె. కొడుకులు ఎన్నికలనీ, చెనిక్కాయల వ్యాపారమనీ జీపులో తిరుగుతుంటే, ఆమె తోటలో కుర్చీ వేయించుకుని, ఎండిన బావిని చూస్తూ వక్కాకు నములుతూ కూర్చునేది. బావి గట్టున ఆ కారు ఉంది. తలుపుల్లేవు, చక్రాల్లేవు, సీట్ల మీది తోలు ఎలుకలు తినేశాయి. గేరు రాడ్డు మాత్రం నిటారుగా ఉంది.

"ఇనుముకు అడిగినోళ్లు శానామంది వచ్చినారు. ఇయ్యలేదు నేను" అంది యశోదమ్మ. "మా ఆయన నన్ను ఈ కారులో ఊరంతా తిప్పినాడు. అప్పట్లో ఆడోళ్లు ముందర సీట్లో కూచుంటే ఊరు నోరు నొక్కుకునేది. నేను కూచున్నా."

బాలప్ప, యేసన్న ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నల్లమ్మే ముందుకు వచ్చింది. "ఇనుముకు కాదమ్మా. మా ఆయన చెయ్యి పైకి లేయదు. మీ కారు గేరు పెడితే ఆయప్ప మళ్లా బండి తోలతాడు. మీ కారు గూడా దాంతోపాటు రోడ్డెక్కుతాది గదమ్మా."

యశోదమ్మ వక్కాకు నమలడం ఆపి బాలప్ప చెయ్యి చూసింది. "లేపప్పా ఒగసారి" అంది. అతను లేపగలిగినంత లేపాడు. ముసలామె నాలుక చప్పరించింది.

"తీసకపోండి. అయితే ఒక మాట. తాడిపత్రిలో మా చెల్లెలుండాది. చూసి ఏండ్లయింది. మోకాళ్లు బస్సెక్కనీయవు. మా పిల్లోళ్ల జీపు ఎక్కితే నా ఎముకలు గోతంలో ఏరుకోవల్ల. మొదటి బాడుగ నాది. ఏమప్పా?"

"బాడుగ ఏందమ్మా, మీరు ఎక్కితే చాలు" అన్నాడు బాలప్ప. ఎన్నాళ్లకో అతని గొంతులో పాత పలుకు వినపడింది.

గేరు బాక్సు ఎద్దులబండిలో యేసన్న షెడ్డుకు వచ్చింది. బాలప్ప కారు కూడా ఎద్దుల వెనకే అనంతపురం చేరింది, ఎందుకంటే బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. మోకు కట్టి ఎద్దులు లాగుతుంటే బాలప్ప స్టీరింగు పట్టుకుని తలవంచుకు కూర్చున్నాడు. దారిలో ఒకాయన "ఏమన్నా, పెట్రోలు మానేసి గడ్డి పెడతాండావా?" అని కేకేశాడు. నల్లమ్మ ఎద్దుల ముందు నడుస్తూ "అవునప్పా, నీ ఇంట్లో మిగిలుంటే రెండు మోపులు పంపు" అంది.

షెడ్డులో పని అనుకున్నంత సులువుగా సాగలేదు. పాత బాక్సును కిరసనాయిలుతో కడిగితే లోపల పళ్లు బాగానే ఉన్నాయి. ఇంజను వెనక బోల్టుల కన్నాలు కూడా కలిశాయి. కానీ ఈ బాక్సు జానెడు పొట్టి. దాన్నుంచి వెనక చక్రాలకు పోయే పొడుగు ఇరుసు అందలేదు. దాన్ని లేతు షెడ్డుకు మోసుకుపోయి, ముక్క కలిపి అతికించాల్సి వచ్చింది. ఆ తర్వాత కారు నేలరేకుకు కన్నం పెట్టాలి. యేసన్న ఉలి, సుత్తి తీసుకోగానే బాలప్ప టీ తాగొస్తానని బయటికి పోయాడు. నల్లమ్మ అక్కడే నిలబడి చూసింది. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా కళ్లు మూసుకుంటూనే, "ఇంగ రవ్వంత వెడల్పు కొట్టు యేసన్నా" అంది.

రాడ్డు బిగించాక చూస్తే అది వెనక్కి రావడంలేదు. సీటు అడ్డం. యేసన్న దాన్ని పీకి, కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చి ముందుకు వంచుకొచ్చాడు. ఇప్పుడు సీటుకు తగల్లేదు, బాలప్పకు అందలేదు. యేసన్న తిట్టుకుంటూ కూర్చుంటే, అంతవరకూ దూరంగా ఉన్న బాలప్ప తనే రాడ్డు కుడి భుజాన వేసుకుని కొలిమికి పోయాడు. కమ్మరి వంచుతుంటే పక్కన ముక్కాలిపీట మీద కారులో కూర్చున్నట్టు కూర్చుని, "ఈడ వంచు, ఆ, ఈడ మళ్లా నిలబెట్టు" అని చెప్పి చేయించాడు. హంస మెడలాగా వంగిన రాడ్డు తెచ్చి బిగిస్తే, తల సరిగ్గా అతని తొడ పక్కకు వచ్చింది. రాడ్డు చుట్టూ దుమ్ము రాకుండా యేసన్న పాత ట్యూబు కోసి తొడుగు వేశాడు.

మొదటిసారి కారు స్టార్టు చేసిననాడు టీ అంగడివాళ్లు, లారీవాళ్లు అందరూ చుట్టూ చేరారు. బాలప్ప క్లచ్చు తొక్కాడు. ఎడమచెయ్యి, ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా, స్టీరింగు పక్కన లేని రాడ్డు కోసం లేచింది. "అమ్మా!" అన్నాడు నొప్పికి. "పైన ఏముండాదప్పా, గాలి తప్ప! కింద, కింద!" అని యేసన్న అరిచాడు. బాలప్ప కింది రాడ్డు పట్టుకుని ముందుకు తోసి, క్లచ్చు వదిలాడు. కారు ముందుకు పోలేదు. వెనక్కి దూకి, షెడ్డు గోడకు పేర్చిన ఖాళీ డబ్బాలను గుద్దుకుంది. డబ్బాలన్నీ దొర్లుకుంటూ రోడ్డు మీద పడ్డాయి. లారీవాళ్లు ఈలలు వేశారు.

యేసన్న నెత్తి కొట్టుకున్నాడు. "అది రివర్సు నాయనా! మొదటి గేరు దాని వెనక ఉండాది!"

నల్లమ్మ భయంగా మొగుడి మొహం చూసింది. బాలప్ప స్టీరింగు మీద తలపెట్టి నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరెగిరి నవ్వుతున్నాడు, ఎగిరితే నొప్పి పుట్టి "అబ్బా" అంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు. బావిలో దెబ్బ తగిలాక ఆమె అతని నవ్వు వినడం అదే మొదలు. ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

మాట ప్రకారం మొదటి బాడుగ యశోదమ్మది. ముసలామె వెంట ఆవకాయ జాడీ, చెల్లెలికి చీరల మూట, బియ్యం సంచి, వక్కాకు పెట్టె వచ్చి వెనక సీటంతా నిండిపోయింది. ఆమెను ఎక్కించి దించడానికి సాయంగా వచ్చిన నల్లమ్మ ముందర, ఎడమ పక్కన కూర్చోవాల్సి వచ్చింది. మోకాలికి గేరు రాడ్డు తగులుతుంటే కాళ్లు ముడుచుకుని తలుపుకు అతుక్కుంది.

తాడిపత్రి ఇంకా దూరముండగానే దారికి అడ్డంగా వాగులాంటి వంక వచ్చింది. నీళ్లు ఎక్కడివి, అంతా ఇసుకే. ఆ ఇసుకలో ఆగితే చక్రాలు దిగబడతాయి. దారంతా గేర్లు మార్చి మార్చి బాలప్ప భుజం అప్పటికే సలుపుతోంది. రెండో గేరులో వంకలోకి దిగాడు. నడిమధ్యకు వచ్చేసరికి ఇంజను గొణగడం మొదలుపెట్టింది. మొదటి గేరు పడాలి. చెయ్యి రాడ్డు మీదికి పోయింది గానీ, కండ మెలిపెట్టి, వేళ్లు పట్టు వదిలేశాయి.

"నల్లమ్మా, రాడ్డు పట్టుకో!"

"నేనా?"

"నువ్వే! నేను క్లచ్చు తొక్కుతా. నీ తట్టుకు లాగి ఎనక్కి గుంజు!"

నల్లమ్మ రెండు చేతులతో పట్టుకుంది. తన వైపుకు లాగింది. గేరు బాక్సు కరకరమని ఏడ్చింది. వెనకనుంచి యశోదమ్మ "గేదెను కొడతాండారా ఏంది!" అని కేకేసింది. "ఇంగోసారి. ఇప్పుడు లాగు, ఇప్పుడే!" అన్నాడు బాలప్ప, కాలితో ఇంజనును ఒకసారి గట్టిగా అరిపించి. నల్లమ్మ పళ్లు బిగించి గుంజింది. టక్కున పడింది. కారు ఊగుతూ, ఇసుక చిమ్ముతూ ముందుకు పాకింది. అవతలి గట్టు ఎక్కి, గట్టి నేల మీదికి వచ్చాక, "ఇప్పుడు నా తట్టుకు, ముందరికి" అన్నాడు. ఈసారి గేరు ఏడవలేదు.

యశోదమ్మ జాడీ సర్దుకుని వెనక్కి ఆనుకుంది. "ఇద్దరూ కలిసి ఒకే కుండలో సంగటి కెలికినట్టుండాది గదే" అంది. తాడిపత్రిలో చెల్లెలిని కావలించుకుని ఏడ్చి, కళ్లు తుడుచుకున్నాక ఆమె మొదట చెప్పింది ఆ వంక సంగతే. నెల తిరక్కుండా ఆ కథ గార్లదిన్నెకు, రాప్తాడుకు పాకిపోయింది.

ఆ తర్వాత దూరం బాడుగలన్నిటికీ నల్లమ్మ వెంట పోవడం అలవాటైంది. ఆడవాళ్లు ఎక్కితే వాళ్లకూ తోడు. స్టీరింగు ఆమె ఎన్నడూ ముట్టలేదు గానీ, ఇంజను గొంతు వింటే ఏ గేరు కావాలో తెలిసిపోయేది. బాలప్ప గడ్డం కొంచెం ఎత్తితే చాలు. ఇంట్లో పోట్లాడుకున్న రోజు మాత్రం గడ్డం ఎత్తినా ఆమె కిటికీలోంచి బయటికి చూసేది. "మిట్ట ఎక్కేటప్పుడు కోపం పెట్టుకోవద్దే, దిగేటప్పుడు పెట్టుకో" అని బతిమిలాడేవాడు. వెనక కూర్చున్నవాళ్లు ముసిముసిగా నవ్వేవాళ్లు.

మరుసటేడు వానలు పడ్డాయి. చెనిక్కాయ చేతికొచ్చింది. ఒకనాడు పొద్దున నల్లమ్మ ఎనుముకు కుడితి పెట్టి వస్తూ వాకిట్లో ఆగిపోయింది. లోపల బాలప్ప విత్తనాల మూటను అటక మీదికి ఎక్కిస్తున్నాడు. రెండు చేతులతో. ఎడమచెయ్యి భుజం దాటి, తల దాటి, హాయిగా పైకి పోయింది. మూట పెట్టాక అతను ఆ చేతిని ఒకసారి గుండ్రంగా తిప్పి చూసుకున్నాడు. తర్వాత దొంగలా అటూ ఇటూ చూశాడు.

నల్లమ్మ గభాలున గోడ చాటుకు తప్పుకుంది. ఎన్నాళ్లనుంచి ఇట్లా? ఆలోచిస్తే, ఈమధ్య అతను "అబ్బా" అనడం తను కారెక్కినప్పుడే విన్నట్టు గుర్తొచ్చింది. ఆమెకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. కోపం ఎక్కువసేపు నిలవలేదు.

కుడితి బానను కావాలని చప్పుడు చేసి కింద పెట్టింది. బాలప్ప బయటికి వచ్చాడు. ఎడమచెయ్యి పొట్టకు ఆనించి ఉంది.

"తాడిపత్రికి బాడుగ వచ్చినాదే. పోతాండా."

"పోయిరా."

అతను గుమ్మం దగ్గరే తచ్చాడాడు. "చెయ్యి ఈ పొద్దు సరిగా లేదు. వంక దాటల్ల. నువ్వు గూడా వస్తే..."

"ఇంట్లో పని శానా ఉండాది" అంది నల్లమ్మ. అతని మొహం చిన్నబోవడం కళ్లారా చూసి, "ఉండు, చీర మార్చుకోనొస్తా" అని లోపలికి పోయింది.

చీర మార్చుకుని, తల దువ్వుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చేసరికి కారు వాకిట్లో ఉంది. బాలప్ప ఆమె సీటు తుడిచి ఉంచాడు. నల్లమ్మ ఎక్కి తలుపు వేసుకుని, రాడ్డు మీద చెయ్యి పెట్టింది.

"శానా నొప్పిగా ఉండాదా?" అంది.

"ఊఁ" అన్నాడు బాలప్ప, రోడ్డు వైపు చూస్తూ. "ఇప్పట్లో తగ్గేటట్ల లేదు."